కేంద్రం అందని కొలత

తెలుగులో ‘వ్యాసం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పాఠకులు ఇప్పుడు చదువుతున్నది. రెండవది వృత్తం మధ్యగా ఒక అంచు నుంచి ఎదుటి అంచు వరకు సాగే రేఖ. మేము రాయబూనినది ఆ రెండవ వ్యాసంలో సగాన్ని గురించి. పేరులోనే ‘సగం’ ఉండడం వల్ల కాబోలు, వ్యాసార్ధానికి దక్కవలసిన గౌరవం దక్కలేదని మా అభిప్రాయం. వాస్తవానికి వృత్తానికి మూలం అదే. ఒక స్థిర బిందువు నుంచి సమదూరంలో ఉన్న బిందువుల సముదాయమే వృత్తమని బడిలో నేర్చుకున్నాం. ఆ సమదూరమే వ్యాసార్ధం.

బడి పిల్లవాడికి ఈ పని సులభం. కంపాసు ముల్లు ముందు కాగితంలో దిగుతుంది, వృత్తం తరువాత పుడుతుంది. కర్మాగారంలోను, రైలు మార్గం మీదను, భూమి మీదను వ్యవహారం తలక్రిందులుగా ఉంటుంది. అక్కడ మనకు దొరికేది వంపు మాత్రమే. దాని కేంద్రం ఎవరో రైతు పొలంలో ఉండవచ్చు, ఆరు వేల కిలోమీటర్ల లోతున ఉండవచ్చు, షాఫ్టు మూల పక్కన శూన్యంలో తేలుతూ ఉండవచ్చు. టేపు కొస పట్టుకొని నిలబడడానికి అక్కడ చోటుండదు. వ్యాసార్ధాన్ని నేరుగా కొలిచే సందర్భాలు చాలా తక్కువ. మరొకటి కొలిచి, దాని నుంచి వ్యాసార్ధాన్ని రాబట్టవలసిందే. ఎలా రాబట్టాలో మన పూర్వులకు బాగా తెలుసు.

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన ‘ఆర్యభటీయం’లో వ్యాసార్ధాన్ని ‘విష్కంభార్ధం’ అన్నాడు. మన జ్యోతిర్గణితంలో దానికి ‘త్రిజ్య’ అనే పేరు కూడా ఉంది. మూడు రాశుల, అనగా 90 డిగ్రీల చాపానికి చెందిన జ్య అని దాని అర్థం. ఇంకొక విశేషం ఏమంటే, ఆ గణితజ్ఞులు వ్యాసార్ధాన్ని మూరల్లోనో యోజనాల్లోనో కాక కోణపు నిమిషాలలో చెప్పారు. పరిధి మొత్తం 21,600 నిమిషాలైతే వ్యాసార్ధం 3,438 నిమిషాలు. నేటి విద్యార్థి రేడియన్ అని నేర్చుకునే 57 డిగ్రీల 18 నిమిషాలు సరిగ్గా ఇవే!

వృత్తఖండాన్ని వారు విల్లుగా ఊహించారు. వంపు చాపం, రెండు కొసలను కలిపే సరళరేఖ జ్య, అనగా వింటినారి. నారి మధ్య నుంచి వింటి నడుము దాకా ఉండే ఎడం శరం. వృత్తంలో నారికి ఇరువైపుల ఉన్న రెండు శరాల గుణకారం అర్ధజ్య వర్గానికి సమానమని ఆర్యభటుడు సూత్రీకరించాడు. నారి పొడవు, శరం పొడవు తెలిస్తే చాలు, కేంద్రం దగ్గరికి పోనవసరం లేకుండానే వ్యాసం చేతికి వస్తుంది. పదిహేను శతాబ్దాల క్రితపు ఈ సూత్రం మీదనే నేటికీ మన రైళ్లు వంపులు తిరుగుతున్నాయంటే అతిశయోక్తి కాదు.

రైలు వంపును పరీక్షించే ట్రాక్ సిబ్బందిని చూడండి. వెలుపలి పట్టా లోపలి అంచు వెంబడి ప్రతి 10 మీటర్లకు ఒక గుర్తు పెడతారు. 20 మీటర్ల దారాన్ని ఒక గుర్తు నుంచి ఒకటి విడిచి మరొక గుర్తుకు బిగించి పట్టుకుంటారు. దారం మధ్యలో పట్టాకూ దారానికీ గల ఎడాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో చదువుతారు. దీనిని వారు ‘వెర్సైన్’ అంటారు. ఆర్యభటుని శరం ఇదే. 50,000ను ఈ మిల్లీమీటర్ల సంఖ్యతో భాగిస్తే వంపు వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. శరం 57 మిల్లీమీటర్లు ఉంటే వ్యాసార్ధం దాదాపు 875 మీటర్లు. రైల్వే పరిభాషలో అది రెండు డిగ్రీల వంపు. ఆ వంపు కేంద్రం ముప్పాతిక కిలోమీటరుకు పైగా దూరంలో ఎక్కడో ఉంటుంది. దానితో ఎవరికీ పని లేదు.

ఇంత సున్నితంగా కొలవడం దేనికని పాఠకులు అడగవచ్చు. వంపులో పోయే రైలును బయటికి నెట్టే ప్రభావానికి ప్రతిగా వెలుపలి పట్టాను కొంత ఎత్తు చేస్తారు. ఎంత ఎత్తన్నది వేగవర్గానికి అనులోమంగాను, వ్యాసార్ధానికి విలోమంగాను ఉంటుంది. మన బ్రాడ్‌గేజిలో 875 మీటర్ల వంపు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగానికి సరిగ్గా సరితూగే ఎత్తు సుమారు 157 మిల్లీమీటర్లు. కాలక్రమేణా పట్టా ఒకచోట జరిగి, అక్కడ వ్యాసార్ధం 700 మీటర్లకు తగ్గిందనుకుందాం. అదే వేగానికి అక్కడ 197 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి, ఉన్నది 157. లోటు భారమంతా వెలుపలి పట్టా మీద, చక్రపు అంచు మీద పడుతుంది. ప్రయాణికుడికి అది ఒక కుదుపు. పట్టాకు అరుగుదల. మితిమీరితే అంతకంటె పెద్ద ప్రమాదం. కంటికి ఆ వంపు మునుపటి వలెనే కనిపిస్తుంది. దారం మధ్య మాత్రం 57కు బదులు 71 మిల్లీమీటర్లు వస్తుంది. ఇరవై మీటర్ల దారంలో పద్నాలుగు మిల్లీమీటర్ల తేడా! నేడు ట్రాక్ రికార్డింగ్ వాహనాలు ఈ లెక్కను పరుగెత్తుతూనే చేస్తున్నాయి. అయినా దారం పట్టుకొన్న మనిషి అవసరం తీరిపోలేదు.

భూమి వ్యాసార్ధం సంగతికి వద్దాం. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో ఎరటోస్తనీసు ఈజిప్టులో రెండు పట్టణాల నీడల తేడా నుంచి భూపరిధిని గణించిన కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే కనుక దానిని వదలి, మన ఉపఖండంలో జరిగిన దానిని చెబుతాం. పదకొండవ శతాబ్దపు తొలినాళ్లలో, నేటి పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతంలో నందనా కోట వద్ద ఒక కొండ ఎక్కి అల్‌బిరూనీ క్షితిజరేఖను చూశాడు. కొండ మీద నుంచి చూస్తే క్షితిజం సమతలానికి కొంచెం దిగువన కనిపిస్తుంది. ఆ దిగుడు కోణం 34 నిమిషాలని ఆయన నమోదు చేశాడు. కొండ ఎత్తును విడిగా కొలిచి ఉన్నాడు. ఎత్తు, కోణం రెండే తెలిసిన లంబకోణ త్రిభుజంలో భూవ్యాసార్ధం ఒక భుజంగా కూర్చుంది. ఎడారుల్లో వందల మైళ్లు నడవకుండా, ఒక కొండ మీద నిలబడి భూగోళాన్ని కొలవవచ్చునన్న ఆలోచన ఆయనది. ఆ ఆలోచనకు ఎంత జోహారులర్పించినా తక్కువే.

ఆయన ఫలితం ఆధునిక విలువతో ఇంచుమించు సరిపోయిందని తరచు రాస్తూంటారు. ఈ మాటను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. 34 నిమిషాలలో ఒక్క నిమిషం పొరపాటు జరిగితే వ్యాసార్ధంలో దాదాపు ఆరు శాతం, అనగా 370 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. దానికి తోడు వాతావరణం కాంతిరేఖను వంచి క్షితిజాన్ని కొద్దిగా పైకి లేపి చూపుతుంది. మామూలు పరిస్థితులలో ఈ ఒక్క కారణం చేతనే భూమి ఆరింట ఒక వంతు పెద్దదిగా లెక్కకు వస్తుంది. ఆ కాలపు మూరను నేటి మీటరులోకి మార్చడంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఆయన గొప్పతనం పద్ధతిలో ఉన్నది. అంకెల పోలికతో దానిని మోయించనక్కర లేదు.

భూమిని నిజంగా ఓపికతో కొలిచిన కార్యం మన దక్షిణాదినే మొదలైంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ సమీపాన సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలవడం ఆరంభించాడు. మహా త్రికోణమితీయ సర్వేకు అది పునాది. కోణాలు కొలవడానికి ఆయన వద్ద అర టన్ను బరువుండే థియోడొలైటు ఉండేది. దాని అంకితవలయం వ్యాసం 36 అంగుళాలు, కనుక వ్యాసార్ధం 18 అంగుళాలు. వలయం ఎంత పెద్దదైతే గీతల మధ్య ఎడం అంత పెరుగుతుంది, కోణం అంత సూక్ష్మంగా చదవవచ్చు. ఆ బరువుకు కారణం ఇదే.

1808లో తంజావూరు పెద్ద గుడి శిఖరం మీదికి ఈ యంత్రాన్ని ఎక్కిస్తుండగా ఒక తాడు తెగింది. యంత్రం గోడకు కొట్టుకుంది. వలయం వంకర పోయింది, దాని ఆకులు వంగిపోయాయి. మరొకరైతే దానిని తుక్కుగా లెక్కగట్టి లండనుకు ఉత్తరం రాసి ఉండేవారు. లాంబ్టన్ యంత్రాన్ని పూర్తిగా విప్పాడు. ఒక పెద్ద చదునైన బల్ల మీద, వలయం ఉండవలసిన పరిమాణంలో ఖచ్చితమైన వృత్తాన్ని కోయించాడు. మేకులు, మరలు, కప్పీల సాయంతో వంకర పోయిన వలయాన్ని రోజుకు కొంచెం చొప్పున బయటికి లాగుతూ ఆ వృత్తంలో ఇమిడేటట్లు చేశాడు. వంగిన ఆకులను చిన్న చెక్క సుత్తులతో కొట్టి వాటి తొలి రూపానికీ పొడవుకూ తెచ్చాడు. ఆరు వారాలు పట్టింది. లాటిన్‌లో ‘రేడియస్’ అంటే చక్రపు ఆకు అని ఈ సందర్భంలో గుర్తు చేయడం అప్రస్తుతం కాదనుకుంటాం. భూగోళపు వ్యాసార్ధాన్ని కొలవడానికి బయలుదేరిన మనిషి ముందుగా తన యంత్రపు వ్యాసార్ధాలను సుత్తితో సరిచేసుకోవలసి వచ్చింది! మెయింటెనెన్సు విభాగంలో పనిచేసే మిత్రులకు ఈ ఉదంతం మిగతావారికంటె బాగా అర్థమవుతుంది.

లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ వద్ద, సర్వేలో ఉండగానే మరణించాడు. ఆయన సహాయకుడుగా 1818లో హైదరాబాదు వచ్చి, కృష్ణా గోదావరుల మధ్య అడవులలో జ్వరాల పాలైన జార్జి ఎవరెస్టు ఆ పనిని ముందుకు తీసుకుపోయాడు. 1830 నాటి ఎవరెస్టు గోళాభాసం ప్రకారం భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధం 6,377,276 మీటర్లు. నేడు జి.పి.ఎస్. వాడుకునే విలువ 6,378,137 మీటర్లు. గొలుసులతో, చెక్క సుత్తులతో బాగుచేసిన వలయంతో సాధించిన కొలతకూ, ఉపగ్రహాల కొలతకూ తేడా 861 మీటర్లు. ఆరు వేల మూడు వందల కిలోమీటర్లలో కిలోమీటరైనా లేదు. అయితే పటాల విషయంలో ఆ తేడా చిన్నది కాదు. మన పాత సర్వే పటాలు ఎవరెస్టు గోళాభాసం ఆధారంగా గీసినవి. వాటి మీది అక్షాంశ రేఖాంశాలను యథాతథంగా జి.పి.ఎస్. పరికరంలో వేస్తే చేరవలసిన చోటికి చేరము. 2005 నాటి జాతీయ పటవిధానం తరువాత ప్రజోపయోగ పటాలు ప్రపంచ ప్రమాణానికి మారాయి.

భూమికి ఒకే వ్యాసార్ధం లేదన్నది కూడ ఇక్కడ గమనించాలి. ధ్రువాల వద్ద అది 21 కిలోమీటర్లకు పైగా తక్కువ. అందుచేత సముద్రమట్టం నుంచి కాక భూకేంద్రం నుంచి కొలిస్తే ప్రథమ స్థానం ఎవరెస్టు శిఖరానిది కాదు, ఈక్వెడారులోని చింబొరాజోది.

అణువుల లోకంలో మరొక చిక్కు. ప్రోటానుకు గోళీవలె అంచు లేదు. ఆవేశం ఎంత దూరం పరచుకొన్నదో దానిని బట్టి ఒక వ్యాసార్ధం చెబుతారు. 2010 దాకా అంగీకరించిన విలువ ఫెర్మీలలో 0.877 కాగా, ఆ ఏడు మ్యువానులతో చేసిన ప్రయోగంలో 0.842 వచ్చింది. నాలుగు శాతం తేడా భౌతిక శాస్త్రజ్ఞులను దశాబ్ది కాలం నిద్రపోనివ్వలేదు. తరువాతి ప్రయోగాలు అధికభాగం చిన్న విలువ వైపే మొగ్గాయి.

మన వర్క్‌షాపు సంగతి చూద్దాం. వృత్తాకారపు వస్తువు గుండ్రంగా ఉందో లేదో ఎలా నిర్ణయిస్తాం? మైక్రోమీటరుతో నాలుగు వైపుల వ్యాసం చూసి, నాలుగూ ఒకటే అయితే గుండ్రమని సంతకం చేస్తాం. అది నిజం కాకపోవచ్చు. బ్రిటనులో 1969 నుంచి చెలామణిలో ఉన్న యాభై పెన్సుల నాణెం ఏడు మూలలది. దానిని ఎటు తిప్పి కొలిచినా వెడల్పు ఒక్కటే. అయినా అది వృత్తం కాదు. సెంటర్‌లెస్ గ్రైండింగులో అమరిక చెడితే ఇదే విధంగా మూడు ఉబ్బులో అయిదు ఉబ్బులో ఉన్న పిన్నులు తయారవుతాయి. మైక్రోమీటరు వాటిని పట్టుకోలేదు. బేరింగు పట్టుకుంటుంది, మోతతో, వేడితో. వి-బ్లాకులో పెట్టి డయల్ గేజి కింద తిప్పి చూడడం దీనికి ఎంతో కాలంగా ఉన్న విరుగుడు. వ్యాసాలన్నీ సమానమైనంత మాత్రాన వ్యాసార్ధాలన్నీ సమానం కావు.

1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన తరువాత విచారణ సంఘంలో సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్ రాకెట్టు భాగాల గుండ్రదనాన్ని కొన్ని వ్యాసాలు మాత్రమే కొలిచి నిర్ధారించే విధానాన్ని ప్రశ్నించాడు. ప్రమాదానికి కారణం అది కాదు, చలిలో బిగుసుకుపోయిన రబ్బరు వలయాలని తేలింది. ప్రశ్న మాత్రం ప్రశ్నగానే నిలిచింది.

వీటన్నిటికంటె మనకు దగ్గరిది, ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఒకటున్నది. షాఫ్టు మందం మారే మెట్టు దగ్గర డ్రాయింగులో ‘ఆర్ 3’ అనో ‘ఆర్ 5’ అనో ఉండే చిన్న అక్షరం. ఫిల్లెట్ వ్యాసార్ధం. 1842 మే 8న పారిస్ సమీపంలో వెర్సాయి నుంచి వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, మంటలు చెలరేగి యాభై మందికి పైగా మరణించారు. మరుసటి ఏడు రాంకిన్, విరిగిన ఇరుసులను పరీక్షించి, పగులు మెట్టు మూల దగ్గర మొదలై క్రమంగా లోనికి పాకుతుందని చూపాడు. ఆ మూలను వంపుగా తీర్చాలని సూచించాడు. అది ఎంత అవసరమో 1913లో ఇంగ్లిస్ లెక్క కట్టాడు. పలక అంచున 9 మిల్లీమీటర్ల లోతు గంటు ఉండి, దాని కొస వ్యాసార్ధం 9 మిల్లీమీటర్లే అయితే అక్కడి ప్రతిబలం మామూలుకంటె మూడు రెట్లు. వ్యాసార్ధం 1 మిల్లీమీటరుకు తగ్గితే ఏడు రెట్లు. ఇంకా పదునెక్కితే లెక్కకు అంతుండదు. పలకలో పగులు కనిపించగానే దాని కొసన రంధ్రం వేసే అనుభవజ్ఞుడైన ఫిట్టరు చేస్తున్నది ఇదే. లోహాన్ని తీసివేసి బలం పెంచుతున్నాడు! 1954లో రెండు కామెట్ విమానాలు గగనతలంలో విచ్ఛిన్నమైన పిమ్మట, నీటి తొట్టెలో పెట్టి పదేపదే పీడనం ఎక్కించి దించిన కామెట్ దేహం కూడ ఒక కిటికీ మూల నుంచే చీలిపోయింది.

ఇంత తెలిసీ ఫిల్లెట్లు ఎందుకు చిన్నవవుతున్నాయి? తప్పంతా టర్నరు మీద వేయడం న్యాయం కాదు. బేరింగు లోపలి రింగు మూలకు తయారీదారు ఇచ్చిన వంపు చిన్నది. షాఫ్టు ఫిల్లెట్ దానికంటె పెద్దదైతే బేరింగు మెట్టుకు ఆనకుండా ఫిల్లెట్ మీదే ఎక్కి కూర్చుంటుంది. డిజైనరుకు పెద్ద వ్యాసార్ధం కావాలి, బేరింగుకు చిన్నది కావాలి. రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌను, మిల్లు ఆగి ఉంది, పైనుంచి ఫోన్లు. అప్పుడు ఎవరో ఒకరు పదునైన టూలుతో మూలను కొంచెం ‘శుభ్రం’ చేస్తారు. బేరింగు చక్కగా ఆనుతుంది. మిల్లు నడుస్తుంది. కొన్ని నెలల తరువాత అదే మూల దగ్గర షాఫ్టు విరుగుతుంది. విరిగిన ముఖం మీద సముద్రపు గవ్వ చారల వంటి గీతలు ఉంటాయి. ఆ రాత్రి పని ఎవరిదో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. దీనికి పరిష్కారం లేకపోలేదు. ఫిల్లెట్‌ను అలాగే ఉంచి, మెట్టుకూ బేరింగుకూ మధ్య మూల కోసిన స్పేసర్ రింగు వేయవచ్చు. లేదా డిజైన్ విభాగం సమ్మతితో మెట్టు లోనికి వంపుగా అండర్‌కట్ తీయవచ్చు. రింగు తిప్పడానికి పట్టేది ఒక గంట.

ఫిల్లెట్‌ను కొలవడానికి మైక్రోమీటరు పనికిరాదు. ప్రతి టూల్‌క్రిబ్‌లోను ఉండే రేడియస్ గేజి చాలు. సన్నని ఉక్కు రేకులు, ఒక్కొక్క దాని కొస ఒక్కొక్క వ్యాసార్ధం. ‘ఆర్ 5’ రేకును మూలలో ఆనించి వెనుక దీపం పెట్టి చూడాలి. రేకు వంపు మధ్యలో ఆని ఇరుపక్కల వెలుగు కనిపిస్తే ఫిల్లెట్ కావలసినదానికంటె పెద్దది. దానిని మరికొంత తిప్పి సరిచేయవచ్చు. ఇరుపక్కల ఆని మధ్యలో వెలుగు కనిపిస్తే ఫిల్లెట్ చిన్నది. ఆ వెలుగు వెడల్పు కూడ ఆర్యభటుని శరానికి చుట్టమే. అక్కడ తీయరాని లోహం అప్పటికే పోయింది, లేత్ దానిని తిరిగి పెట్టలేదు. ఆ షాఫ్టును యంత్రంలోకి ఎక్కించే ముందు డిజైన్ విభాగానికి కబురు చేయాలి.